తరిగొండ వేంగమాంబ

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములయందు వేంగమాంబ పేరు విననివా రరుదు. అయినను ఆమె మహిమలను జెప్పువారే పెక్కుమంది. ఆమె పడిన పాట్లను దలఁచువారు కొందఱే. మే మిచ్చట నా పాట్లనే చెప్పఁబూనితిమి.

గుఱ్ఱముకొండ చెంతనున్న తరిగొండలో, 1730 ప్రాంతమున, కృష్ణయామాత్యునకును మంగమాంబకును ఆమె జన్మించెను. నాఁటి యాచారమునుబట్టి బాల్యముననే వివాహము చేసిరి. కొలఁదికాలమునకే భర్త గతించెను. కాపుర మననేమో యెఱుఁగని బాలికకు వైధవ్యము ప్రాప్తించినది! కేశఖండనము చేయింపవలెనని పెద్దలు పట్టుపట్టిరి. ఆమె యొప్పుకొనలేదు. భగవంతుఁడే తనకు నాథుఁడనియు, ఆయన యుండఁగాఁ దనకు వైధవ్యమే లేదనియు ఆమె తలంపు. తీయించిన వెండ్రుకలు మరల మొలచినవని జనులు కథలు చెప్పుదురు. మాకట్టి యద్భుతములతోఁ బనిలేదు. ఒక యాఁడుబిడ్డ ఊరంతటి మాటకు ఎదురు నిలుచుటకంటె నద్భుత మేమి కావలయును? సతీనిషేధశాసనము పుట్టిన 1829కిని, విధవావివాహశాసనము పుట్టిన 1856కిని ఎంతో ముందటి సంగతి యిది.

చిన్ననాఁడు గురువునొద్ద ఓనమాలైనను దిద్దలేదని ఆమెయే తన గ్రంథమునఁ జెప్పుకొనినది. పిమ్మట మదనపల్లె వాసులగు సుబ్రహ్మణ్యదేశికులు యోగమార్గము నుపదేశించిరి. తరిగొండలో నుండఁగానే నృసింహశతకమును, రాజయోగామృతసారమును రచించెను. వేధింపులు మాత్రము తగ్గలేదు. నృసింహాలయమున ధ్యానమునందున్న యామెను అర్చకుఁడు వెడలఁగొట్టెనని ప్రతీతి. తుదకుఁ బుట్టినయూరు విడిచి తిరుమల చేరెను. అచ్చటను నెమ్మది లేకపోఁగా, తుంబురుకోనలో ఏకాంతముగాఁ దపస్సు చేసెనందురు.

విగ్రహారాధన విషయమున మే మామెతో నేకీభవింపఁజాలము. కాని హృదయములోనే దైవమును వెదకవలెనను తపన లేనివారికి రాజయోగముపై గ్రంథము వ్రాయఁ బుద్ధి పుట్టదు గదా!

వేంకటాచలమాహాత్మ్యము, ద్విపదభాగవతము, వాసిష్ఠరామాయణము, పెక్కు యక్షగానములు ఆమె రచనలు. పండితులు చిన్నచూపు చూచు ద్విపదను ఆమె చేపట్టుట మాకు మిక్కిలి యిష్టము. చదువురాని స్త్రీలును దానిని విని, నేర్చి, పాడుకొనఁగలరు. ఏ ప్రభువు నాశ్రయించియు ఆమె కవిత చెప్పలేదు. తన కృతులను దేవునికే యర్పించెను.

1817లోఁ దిరుమలయందే దేహము చాలించెను. ఆమె సమాధి యచ్చటనే కలదు. నేఁటికిని రాత్రివేళ నేకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. యాత్రికులు భుజించు అన్నదానశాలకు 2011లో ఆమె పేరే పెట్టిరి.