దోర్నకల్ బిషప్ అజరయ్య గారు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి గురించి రాయమని మిత్రులు అడిగారు. నాకు దోర్నకల్ బిషప్ అజరయ్య గారు గుర్తుకొచ్చారు. కారణం చివర చెబుతాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పల్లెటూరి పాస్టరు ఇంట పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. 1903లో మిత్రులతో కలిసి, మనవాళ్ళ డబ్బుతో మనవాళ్ళే నడిపే మిషనరీ సంఘం పెట్టారు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను పనికి ఎంచుకుంది. 1909లో తానే అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని మనవారైపోయారు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ముప్పై అయిదేళ్ళ అజరయ్య గారు అక్కడ లేచి, విదేశీ మిషనరీలు భారతీయ సేవకుల్ని స్నేహితులుగా కాక కిందివాళ్ళుగా చూస్తున్నారని ముఖం మీదే చెప్పారు. చాలామందికి కోపం వచ్చింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఇప్పుడు పై కుర్చీ ఆయనదైంది. అసలు పరీక్ష కూడా అక్కడే మొదలైంది.

ఆయన బండి మీద మాలపల్లెలకూ మాదిగపల్లెలకూ తిరిగారు. ఉపదేశులతో పాటు వాళ్ళ భార్యలకూ శిక్షణ ఇప్పించారు. ఆయన భార్య అన్బు గారు ఆడవాళ్ళ మధ్య పనిచేశారు. పూట పూటకూ పిడికెడు బియ్యం తీసిపెట్టి సంఘానికివ్వడం పేద ఇళ్ళకూ అలవాటైంది. కాపరిని పోషించుకునే బాధ్యత, గౌరవం ఆ పల్లెలకే దక్కాయి. క్రమశిక్షణలో మాత్రం ఆయన గట్టివారు. గుమ్మటాలతో, మినార్లతో కట్టిన దోర్నకల్ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత 1947లో దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది.

ఇక నా సంగతి. ఒక సంఘానికి కోశాధికారిగా ఉన్నప్పుడు, బాకీపడ్డ జీతం అడగడానికి వచ్చిన ఉపదేశి గారిని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాను. లెక్క సరిగ్గానే చెప్పాను గానీ, కూర్చోమని అనలేదు. అజరయ్య గారి జీవితం చదివాక క్షమాపణ అడుగుదామని వెళ్తే, ఆయన అప్పటికే ఊరు వదిలి వెళ్ళిపోయారు. తరవాత తుని నుంచి విజయవాడ మీదుగా దోర్నకల్ వెళ్ళి, ఆ కెథడ్రల్‌లో చాలాసేపు కూర్చున్నాను.

మన బడిలో చదివిన మనం ఇవాళ సంఘాల్లో, బడుల్లో, ఆఫీసుల్లో పదిమందికి పైవాళ్ళం. జీతం అడగడానికి వచ్చినవారికి ముందు కుర్చీ చూపిద్దాం.