మోటాబెన్ - అనసూయా సారాభాయి

సబర్మతీ నది ఒడ్డున ఉన్న అహ్మదాబాదు నగరం ఒకప్పుడు పొగగొట్టాల నగరం. వేకువనే మిల్లు కూతలు వినిపించేవి. ఆ కూతకు వేలాది మంది స్త్రీపురుషులు ఇరుకు వాడల నుండి బయలుదేరి నూలు మిల్లులకు చేరేవారు. మగ్గాలపై నేసేది ఎక్కువగా పురుషులు. కండెలు చుట్టడం, నూలును చిలపలుగా తీయడం స్త్రీల పని. చేసిన పనిని బట్టి కూలి. పని ఎంత చేసినా పురుషుని సంపాదనలో అది చాలా తక్కువ భాగమే. చంటిబిడ్డను ఇంటి వద్ద విడిచే దిక్కు లేక తల్లులు మిల్లుకే తీసుకొని వచ్చి, నూలు పొగుల నడుమ నేలపై పడుకోబెట్టేవారు. బిడ్డ ఏడ్చి పనికి అడ్డు రాకుండా కొంచెం నల్లమందు నాకించే అలవాటు ఆనాటి మిల్లు కార్మికులలో ఉండేది. ఆ తల్లులకు కఠినహృదయం ఉండి కాదు, వేరే దారి లేకనే అలా చేసేవారు.

ఆ మిల్లుల యజమానుల కుటుంబంలోనే ఒక సంపన్న గృహంలో 1885 నవంబరు 11న అనసూయ జన్మించారు. తల్లి గోదావరీబా. అనసూయకు తొమ్మిదేళ్ళ వయస్సులో తల్లిదండ్రులిద్దరూ మరణించారు. ఆమె, తమ్ముడు అంబాలాల్, చిన్న చెల్లెలు సమీప బంధువు ఇంట పెరిగారు. సంపదకు లోటు లేదు గాని, ఆ కాలపు కట్టుబాట్లకూ లోటు లేదు. పదమూడవ ఏట ఆమెకు వివాహం చేశారు. ఆ దాంపత్యం ఆమెకు సుఖాన్ని ఇవ్వలేదు, ఎంతో కాలం సాగనూ లేదు. పుట్టింటికి తిరిగి వచ్చిన యువతికి ఆనాటి సమాజం ఎటువంటి బ్రతుకు మిగిల్చేదో ఊహించడం కష్టం కాదు. అయితే ఆమె విషయంలో తమ్ముడు అండగా నిలిచాడు. అక్కకు చదువుపై ఉన్న ఆసక్తిని గమనించి, 1912లో ఆమెను ఇంగ్లండుకు పంపించాడు.

వైద్యవిద్య అభ్యసించాలన్నది ఆమె సంకల్పం. కాని ఆ చదువులో జంతువుల శరీరాలను కోసి పరిశీలించవలసి ఉంటుందని తెలిసినప్పుడు, జైన కుటుంబంలో పుట్టి అహింసను నమ్మిన ఆమె మనస్సు అంగీకరించలేదు. వైద్యం విడిచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో చేరారు. ఆ రోజుల్లో లండను నగరంలో స్త్రీల ఓటుహక్కు ఉద్యమం ముమ్మరంగా సాగుతూ ఉండేది. ఫేబియన్ సామ్యవాదుల ఆలోచనలు విద్యావంతులను ఆకర్షిస్తూ ఉండేవి. ఈ రెండూ అనసూయపై గాఢమైన ముద్ర వేశాయి. అక్కడ ఆమె గడిపిన కాలం స్వల్పమే. 1913లో స్వదేశానికి తిరిగి వచ్చారు.

వచ్చిన తరువాత ఆమె మొదట చేపట్టినది పేదపిల్లలకు బడి నడపడం. కులభేదం లేకుండా అందరి పిల్లలనూ చేర్చుకున్నారు. మిల్లు స్త్రీల కోసం శిశు సంరక్షణ కేంద్రం, మరుగుదొడ్లు, ప్రసూతిశాల ఏర్పాటు చేశారు. మరుగుదొడ్డి ఒక గొప్ప సేవాకార్యమా అని నేటి పాఠకునికి అనిపించవచ్చు. పగలంతా యంత్రం ముందు నిలబడే స్త్రీకి ఆ వసతి లేకపోవడం ఎటువంటి బాధో ఆమె గుర్తించారు. పెద్ద పెద్ద సిద్ధాంతాలు చదివి వచ్చిన వారికి ఇటువంటి చిన్న అవసరాలు కంటబడటం అరుదు.

అయినా ఇదంతా దాతృత్వమే. దానిని దాటి న్యాయం వైపు ఆమెను నడిపించినది ఒక ఉదయపు దృశ్యం. పదిహేనుమంది మిల్లు స్త్రీలు నిద్రలో నడుస్తున్నట్లు తూలుతూ ఇంటి ముందు నుండి పోతూ ఉండగా అనసూయ చూశారు. ఏమైందని విచారించారు. రెండు రాత్రులు, ఒక పగలు, అంటే 36 గంటలు విరామం లేకుండా పని చేసి వారు ఇళ్ళకు వెళ్తున్నారని తెలిసింది. ఆ మిల్లులు తన బంధుమిత్రులవి. ఆ లాభాలే తన ఇంటిని కూడా పోషిస్తున్నవి. ఆ దినం నుండి ఆమె కార్మికుల పక్షాన నిలవడానికి నిశ్చయించుకున్నారు.

1917లో అహ్మదాబాదులో ప్లేగు వ్యాపించింది. ప్రజలు ఊరు విడిచి పోసాగారు. మగ్గాలు ఆగిపోకుండా ఉండేందుకు యజమానులు నేతపనివారికి ప్లేగు బోనసు ప్రకటించారు. అది కొందరికి జీతంలో 70, 80 శాతం వరకు ఉండేది. పడుగు వేసేవారికి మాత్రం ఈ బోనసు దక్కలేదు. ఆ సంవత్సరం డిసెంబరులో వారు అనసూయ వద్దకు వచ్చి తమకు నాయకత్వం వహించమని ప్రార్థించారు. మిల్లు యజమానుల ఇంటి ఆడపడుచు మిల్లు యజమానులపై జరిగే సమ్మెకు నాయకురాలైనారు.

ప్లేగు తగ్గగానే యజమానులు బోనసు నిలిపివేయదలచారు. ప్రపంచయుద్ధం మూలంగా ధరలు మండిపోతున్న సమయం అది. నేతపనివారు జీతంపై 50 శాతం పెంపు కోరారు. యజమానులు 20 శాతానికి మించి ఇవ్వమన్నారు. గాంధీజీ, వల్లభభాయ్ పటేల్, శంకర్‌లాల్ బ్యాంకర్ లెక్కలు పరిశీలించి 35 శాతం న్యాయమని తేల్చారు. యజమానులు సమ్మతించక 1918 ఫిబ్రవరి 22న లాకౌటు ప్రకటించారు. వారి పక్షాన ముందు నిలిచినవాడు అంబాలాల్, అనగా అనసూయను చదువుకు పంపిన ఆ తమ్ముడే.

అక్కాతమ్ముళ్ళ మధ్య ఆప్యాయత మాత్రం చెడలేదు. ఎవరి నిశ్చయం వారిదే, ఎవరి ప్రేమ వారిదే. ప్రతి సాయంకాలం నదీతీరాన ఒక తుమ్మచెట్టు క్రింద వేలాది కార్మికులు సమావేశమయ్యేవారు. అక్కడ పంచిన కరపత్రాలు వ్రాసినది గాంధీజీ అయినా, అవి అనసూయ పేరుతోనే వెలువడ్డాయి. ఆమె ఉదయం, సాయంకాలం కార్మికవాడలలో తిరుగుతూ రోగులను పరామర్శించేవారు, పనిలేని వారికి పని చూపించేవారు. కొందరు సబర్మతీ ఆశ్రమంలో కట్టే నేతశాలకు తట్టలతో ఇసుక మోసి కూలి సంపాదించుకున్నారు.

రోజులు గడిచిన కొద్దీ ఇళ్ళలో గింజలు నిండుకున్నాయి. ఒకనాడు ఆశ్రమవాసి ఒకరు సభకు పిలవడానికి వాడలోకి వెళ్ళినప్పుడు, కార్మికులు కటువుగానే మాట్లాడారు. అనసూయాబెన్‌కూ గాంధీజీకీ ఏమి లోటు, వారు మోటారుకారులో వస్తారు పోతారు, కడుపునిండా తింటారు, ఆకలి మాది కదా అన్నది వారి మాటల సారాంశం. ఆ నిందలో న్యాయం లేకపోలేదు. అది విన్న గాంధీజీ మార్చి 15న నిరాహారదీక్ష పూనారు. అనసూయ కూడా తొలిదినం ఉపవాసం చేశారు. ఆయన నచ్చజెప్పి ఆమెను మాన్పించవలసి వచ్చింది.

మార్చి 18న రాజీ కుదిరింది. అది ఒక చిత్రమైన రాజీ. కార్మికుల ప్రతిజ్ఞ నిలిచేందుకు మొదటి రోజు 35 శాతం, యజమానుల మాట నిలిచేందుకు రెండవ రోజు 20 శాతం, ఆ తరువాత మధ్యవర్తి తీర్పు వచ్చేవరకు 27.5 శాతం పెంపు. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ ఆ ఆగస్టులో 35 శాతమే న్యాయమని తీర్పు చెప్పారు. ఈ పెంపు నేతపనివారికి లభించినది. కండెలు చుట్టే స్త్రీలు ఆ తగాదాలో భాగస్వాములు కారు. మొదట ఆ స్త్రీలను చూసి చలించిన అనసూయ, ఈ విజయంతో తృప్తిపడి ఊరుకోలేదు.

1920లో మజూర్ మహాజన్ సంఘం ఏర్పడింది. ఆమె దానికి అధ్యక్షురాలైనారు. కార్మికులు ఆమెను మోటాబెన్ అని, అంటే పెద్దక్క అని పిలిచేవారు. సంఘం కేవలం జీతాల బేరానికే పరిమితం కాలేదు. బడులు, వైద్యశాల నడిపింది. కార్మికుల కుమార్తెల కోసం 1927లో కన్యాగృహం అనే పాఠశాల వెలసింది. ఆ రోజుల్లోనే, 1929లో, బొంబాయి రాష్ట్రంలో ప్రసూతి భత్యపు చట్టం వచ్చింది. ప్రసవ సమయంలో పనికి రాలేని స్త్రీకి భత్యం ఇవ్వడం యజమాని ధర్మమే గాని దయ కాదని చట్టం అంగీకరించడం దేశంలో అదే ప్రథమం. ఫ్యాక్టరీలలో శిశు సంరక్షణ గదులు ఉండాలన్న నిబంధన 1948 చట్టంలోను, సమానమైన పనికి సమాన వేతనం 1976 చట్టంలోను చోటు చేసుకున్నాయి. అనసూయ రెండవ చట్టాన్ని చూడలేదు.

అంతలో మరొక మార్పు జరుగుతూ వచ్చింది. యంత్రాలు మెరుగైన కొద్దీ స్త్రీలు చేసే విభాగాలలో పని తగ్గింది. మిల్లులలో స్త్రీల సంఖ్య క్రమంగా క్షీణించింది. సంఘం దానిని ఆపలేకపోయింది. మిల్లు విడిచిన స్త్రీలు బట్టలు కుట్టడం, బరువులు మోయడం, బీడీలు చుట్టడం వంటి పనులలో చేరారు. అక్కడ యజమాని ఎవరో తెలియదు, జీతపు పట్టిక లేదు, ప్రసూతి సెలవు అన్నమాటే లేదు. సంఘపు మహిళా విభాగం ఈ స్త్రీల సమస్యలు చేపట్టింది. 1955లో న్యాయవాదిగా సంఘంలో చేరిన ఇలా భట్, 1968 నుండి ఆ విభాగానికి నాయకత్వం వహించారు.

అనసూయ మేనల్లుడు విక్రమ్ సారాభాయి. మన శ్రీహరికోట రాకెట్ కేంద్రపు ఆలోచన ఆయనదే. ఆయన 1971 డిసెంబరులో మరణించారు. మేనత్త ఆయన కన్న పది నెలలు ఎక్కువ జీవించారు.

1972 ఏప్రిల్‌లో స్వయం ఉపాధి స్త్రీల సంఘం, సేవ, రిజిస్టరు అయింది. గుడ్డముక్కలు కుట్టేవారు, తోపుడుబండిపై కూరగాయలు అమ్మేవారు, తలపై మూటలు మోసేవారు దాని సభ్యులు. తరువాతి కాలంలో ఆ సంఘం పనిచేసే తల్లుల పిల్లల కోసం శిశు కేంద్రాలు నడిపింది. అనసూయ ఆ సంవత్సరమే నవంబరు 1న, మరి పది రోజులలో ఎనభై ఏడేళ్ళు నిండుతాయనగా, అహ్మదాబాదులో కన్నుమూశారు.