దాతయే నాయకుడైన వేళ: విజయనగర మహారాజకుమారుని చరిత్ర

మనము నివసించు సూరతు నగరమున కతార్గాం దర్వాజా చెంత ఆంగ్లేయుల పురాతన శ్మశానవాటిక కలదు. సెలవు దినమున పిల్లలను వెంటబెట్టుకొని దానిని చూడబోయిన తెలుగు కుటుంబములు మనలో పెక్కు. 1669లో మరణించిన జార్జి ఆక్సెండెను, ఆయన సోదరుడు పరుండిన గోరీ అచట చిన్న కోటవలె నిలిచియున్నది. ఆ సోదరుల మాట యెటులున్నను, ఆ కాలపు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు జీతము స్వల్పము. వారు కంపెనీ పక్షమున సరుకు కొనుచునే, అదే బజారున తమ సొంత వ్యాపారమును కూడ నడుపుకొనుచుండిరి. ఒకే మనిషి చేత రెండు తక్కెడలు!

క్రీడాకారుని కథ వ్రాయబూని గోరీల ప్రసంగమేల యని చదువరులు అడుగవచ్చును. నేను చెప్పబోవు మహనీయుడు వ్యాపారి కాడు. ఒకరి సొమ్ము ఆశించినవాడును కాడు. తన సొమ్మునే దోసిళ్లతో వెదజల్లినవాడు. అయినను ఆయన చేతిలో కూడ రెండు తక్కెడలుండెను. చిక్కు అచటనే వచ్చినది.

పూసపాటి విజయానంద గజపతిరాజుగారు 1905 డిసెంబరు 28వ తేదీన జన్మించిరి. విజయనగర సంస్థానాధీశులగు విజయరామ గజపతిరాజుగారికి వీరు ద్వితీయ పుత్రులు. విజయనగరమున 1919లో సంగీత కళాశాల నెలకొల్పి, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి తొలి అధ్యక్షులుగా నియమించినది ఆ తండ్రిగారే. కళలను పోషించుట ఆ వంశమునకు ఉగ్గుపాలతో అబ్బిన గుణము. 1922లో తండ్రిగారు పరమపదింపగా సంస్థానము అన్నగారికి సంక్రమించెను. తమ్ములు కాశీయందలి కుటుంబపు ఆస్తుల కడకు తరలిరి. అజమీరులోని మేయో కళాశాలయందును, ఇంగ్లండులోని హేలీబరీయందును విద్య నభ్యసించిరి. టెన్నిసు, పులివేట, క్రికెట్టు వీరికి ప్రీతిపాత్రములు. మహారాజకుమారుడను బిరుదు వీరికి శాశ్వతమయ్యెను. లోకము ముద్దుగా విజీ యని పిలిచెను.

తండ్రిగారు సంగీతమునకు చేసినది తనయుడు క్రికెట్టునకు చేయ సంకల్పించిరి. 1926లో సొంత జట్టు నేర్పరచి, కాశీలో తమ భవనపు ఆవరణముననే మైదానము కట్టించిరి. 1930-31లో దేశమున శాసనోల్లంఘనము సాగుచుండుటచే ఎం.సి.సి. జట్టు రాక రద్దు కాగా, వీరు జాక్ హాబ్సు, హెర్బర్టు సట్‌క్లిఫ్‌ల వంటి మేటి ఆటగాండ్రను స్వయముగా రప్పించి భారతదేశమందును సింహళమందును ఆడించిరి. బడిపిల్లవాడుగానున్న ముష్తాక్ ఆలీని కాశీకి పిలిపించి శిక్షణ యిప్పించిరి. 1933-34లో జార్డైను నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టు ఆ పర్యటన మొత్తమున ఒక్కచోటనే ఓడెను. అది కాశీలో, వీరి జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో. ఇంతవరకు కథ ముగిసియున్నచో వీరిని మనము నిండు మనసుతో స్మరించుకొనెడివారము.

కాని పోషకుడుగా నుండుట వీరికి చాలలేదు. 1932లో ఇంగ్లండు వెళ్లు జట్టునకై యాబదివేల రూపాయలు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. ఆ జట్టులో ఉపనాయకునికి సహాయకుడను వింత పదవి వీరికి లభించెను. అనారోగ్యకారణము చెప్పి మానుకొనిరి. ఆ జట్టునకు నాయకులు ఇప్పటి మన గుజరాతు రాష్ట్రములోని పోరుబందరు మహారాజా. ఆయన ఆట సామాన్యము. ఆ సంగతి ఆయనకే బాగుగా తెలియును. లార్డ్స్ మైదానమున జూన్ 25న భారతదేశపు మొట్టమొదటి టెస్టు ఆరంభమగు వేళకు ఆయన ప్రక్కకు తొలగి, నాగపురమున పుట్టి ఇందూరు హోల్కరు కొలువున నున్న మన తెలుగుబిడ్డ కొఠారి కనకయ్యనాయుడుగారికి నాయకత్వము అప్పగించెను. సంస్థానాధీశుల గర్వమును గూర్చి ఎన్నో కథలు విందుము. ఈ ఒక్క కథను మాత్రము పిల్లలకు చెప్పదగును.

మహారాజకుమారులు ఆ పాఠమును చదువలేదు. పాటియాలా మహారాజాతో వీరికి స్పర్ధ పెరిగెను. వైస్రాయి విల్లింగ్డను పేర ఢిల్లీలో ప్రేక్షకమందిరము కట్టించి యిచ్చిరి. రంజీ పేర పాటియాలావారు ఇచ్చిన కప్పునకు పోటీగా విల్లింగ్డను పేర బంగారు కప్పు చేయించిరి. విరాళమిచ్చువారు వీరే, బోర్డులో మాట చెల్లువారు వీరే, వైస్రాయి భవనమున చనువు గలవారు వీరే. 1936లో ఇంగ్లండు వెళ్లు జట్టునకు నాయకుని ఎన్నుకొను వేళ పటౌడీ నవాబు తప్పుకొనగా ఓట్లు వీరికే పడినవి. కనకయ్యనాయుడుగారు వీరి క్రింద ఆడవలసివచ్చెను. జట్టు మేనేజరు వైస్రాయిగారి గృహనిర్వాహకులలో ఒకరగు మేజర్ బ్రిటన్ జోన్సు. నాయకుడు తప్పు చేసినచో చెప్పగల మనిషి ఆ ఓడలో ఎవ్వరు?

భారత టెస్టు జట్టునకు మొదటి నాయకుడును రెండవ నాయకుడును తెలుగువారే యగుట మనకు గర్వకారణమే. ఆ జట్టులోనే మదరాసు బుచ్చిబాబునాయుడుగారి కుమారుడు కోట రామస్వామిగారు కూడ నుండిరి. ఇందరు తెలుగువారున్న జట్టు ముఠాలుగా చీలి పరువు పోగొట్టుకొన్న వైనము తలచిన మనసు చివుక్కుమనును.

లాలా అమర్‌నాథ్ అప్పటికి ఆరువందలకు పైగా పరుగులు తీసి 32 వికెట్లు పడగొట్టి యుండెను. ఎసెక్సు జట్టుపై ఒకే ఆటలో రెండు శతకములు కొట్టెను. లార్డ్స్‌లో మైనర్ కౌంటీల జట్టుతో ఆడునపుడు, కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని కూర్చున్న ఆయనను పంపక, వరుస మార్చి ఇతరులను ముందు పంపుచుండిరి. ఆయన కోపముతో విశ్రాంతిగదిలో నాలుగు మాటలు తూలెను. మొదటి టెస్టునకు ముందే ఆయనను ఓడ యెక్కించి స్వదేశమునకు పంపివైచిరి. ఓవలు టెస్టులో బకా జిలానీకి చోటు దొరకుటకు కారణము ఆయన ఫలహారపు బల్లకడ కనకయ్యనాయుడుగారిని అవమానించుటయే యని నేటికిని చెప్పుదురు. మాంచెస్టరులో మర్చెంటును రనౌటు చేయుమని మహారాజకుమారులు ముష్తాక్ ఆలీతో అనిరనియు, ముష్తాక్ ఆ మాట మర్చెంటుకే చెప్పగా ఇద్దరును నవ్వుకొనిరనియు మరియొక కథ కలదు. కథ నిజమో కాదో కాని వారిరువురి భాగస్వామ్యము నిజము: 203 పరుగులు, ఇరువురికిని శతకములు. ఆ ఆటలోనే నలువదేండ్ల వయసున తొలి టెస్టు ఆడిన రామస్వామిగారు 40, 60 పరుగులు చేసిరి. మూడు టెస్టులలో రెండు ఓడిపోయితిమి. నాయకుడు ఆరు ఇన్నింగ్సులలో తీసినవి మొత్తము 33 పరుగులు. ఆ పర్యటన నడుమనే, జూలైలో, వీరికి సర్ బిరుదు ప్రదానమయ్యెను.

ఓవలు మైదానమున అలెన్ వేసిన బంతి దెబ్బ తిని కూడ కనకయ్యనాయుడుగారు 81 పరుగులు సాధించిరి. అదియే ఆయన చివరి టెస్టు. మరల భారతజట్టు టెస్టు ఆడినది 1946లో. ఈ లోపల అమర్‌సింగు 1940లో అకాలమరణము పాలయ్యెను. ఒక్క వేసవిలో పోయిన అవకాశము ఎందరికో పదియేండ్లకు గాని తిరిగి రాలేదు. కొందరికి అసలే రాలేదు.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బోమంటు అధ్యక్షతన విచారణ జరిగెను. 1937 జనవరిలో వెలువడిన నివేదిక అమర్‌నాథును నిర్దోషిగా తేల్చి, ఫీల్డర్లను నిలుపుటగాని బౌలర్లను మార్చుటగాని నాయకునికి తెలియదని తప్పుపట్టెను. నా మట్టుకు నాకు అందలి తీర్పు సగమే యనిపించును. ఆట తెలియని మనిషికి ఓటు వేసినవారి సంగతి ఏమి?

ఇట్లు వ్రాయుటకు నాకు పెద్ద అర్హత లేదు. పూర్వము నేను పనిచేసిన ఒక కార్యాలయమున ఆటల ఎంపిక సంఘములో కూర్చుంటిని. మేనల్లుని పేరు చర్చకు వచ్చినపుడు వెంటనే లేచి వెలుపలికి పోవలసినది. అతని బౌలింగును రెండు మాటలు పొగడి మరీ లేచితిని. కుర్రవాడు మంచి బౌలరే. అయినను ఆ సాయంకాలము మిగిలిన కుర్రవాండ్రు నన్ను చూచిన చూపు మరపు రాదు. మన 1964 నాటి ప్రవర్తనా నియమావళి, బంధువు ఉద్యోగము చేయు సంస్థకు సంబంధించిన కంట్రాక్టును మనము తేల్చరాదు, పై అధికారికి నివేదింపవలెనని చెప్పుచున్నది. గుమాస్తాకు ఉన్న ఈ కట్టడి క్రికెట్టు పెద్దలకు కూడ ఒకనాడు ఉండెడిది. నిర్వాహకులెవ్వరును బోర్డు పోటీలలో వ్యాపార ప్రయోజనము కలిగియుండరాదను నిబంధనకు 2008లో వారే మినహాయింపు చేర్చుకొని, ఐ.పి.ఎల్. పోటీలను దానినుండి తప్పించిరి. పదాధికారులలో ఒకరు నడుపు కంపెనీ అప్పటికే ఒక జట్టును కొనియుండెను! 2015 జనవరి 22న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసెను. 1936లో ధనమిచ్చి నాయకత్వము పొందిరి. 2008లో నియమమునే దిద్దుకొనిరి.

మహారాజకుమారుల ఉత్తరజీవితము మరియొక తీరు. 1937లో సంయుక్త రాష్ట్రముల తాత్కాలిక మంత్రివర్గమున మంత్రిగా నుండిరి. 1947లో సర్ బిరుదును త్యజించిరి. 1952లో బోర్డు ఉపాధ్యక్షులుగా నున్నపుడు, తాము ఇంటికి పంపిన అమర్‌నాథే తిరిగి నాయకుడగుటకు తోడ్పడిరని చరిత్రకారులు వ్రాసిరి. 1954 నుండి 1956 వరకు బోర్డు అధ్యక్షులు, 1958లో పద్మభూషణులు, విశాఖపట్టణమునుండి లోకసభ సభ్యులు. రేడియోలో వ్యాఖ్యాతగా ఆటకంటె పులివేట కబుర్లే ఎక్కువ చెప్పెడివారని వినికిడి. 1965 డిసెంబరు 2న కాశీలో దివంగతులైరి. విశ్వవిద్యాలయముల జట్ల పోటీకి వీరి పేర విజీ ట్రోఫీ యేర్పడెను.

వీరు ఉత్తరప్రదేశ్ క్రికెట్టును నడుపు కాలమున ఆ రాష్ట్రపు జట్టునకు ఒక పెద్దమనిషిని ఆహ్వానించిరి. 1956-57లో, అరువదియొక్క యేండ్ల వయసున, ఆ పెద్దమనిషి తన చివరి రంజీ ఇన్నింగ్సులో 52 పరుగులు చేసి మైదానము విడిచెను. ఆయన కొఠారి కనకయ్యనాయుడుగారు.