శ్రీనాథుడు – చిరుతొండనంబి కథ

తెలుగు కవులలో భోజనప్రియుడెవరని అడిగితే విద్యార్థులు సైతం శ్రీనాథుని పేరు చెబుతారు. వంటకాల వర్ణనలో ఆయనది చేయి తిరిగిన పని. పలనాటి జొన్నకూటిని గూర్చి విసుగుకొన్న చాటువులు ఆయన పేరిటనే వాడుకలో ఉన్నవి. అట్టి కవి హరవిలాసంలో ఒక తండ్రి కన్నకొడుకును కోసి, వండించి, అతిథికి వడ్డించిన కథను ఎత్తుకొన్నాడు. ఆ కథను చదివి చెదరని మనస్సు అరుదు. ఈ కవి జీవితాన్ని చెప్పేవారు సాధారణంగా కనకాభిషేకంతో మొదలుపెడతారు. నాకు మాత్రం ఈ విస్తరి దగ్గర ఆగవలె ననిపిస్తున్నది.

శ్రీనాథుడు పదునాల్గవ శతాబ్ది చివరి భాగంలో జన్మించినాడు. తల్లి భీమాంబ, తండ్రి మారయ. తాత కమలనాభామాత్యుడు సముద్రతీరంలోని కాల్పట్టణపు వాడు, పద్మపురాణకర్త. ఆ పట్టణ మెక్కడిదన్న విషయమై పండితులు చేసిన వాదాలను పోగుచేస్తే ఒక ఉద్గ్రంథ మవుతుంది. వాటి జోలికి పోను. పసితనంలో మరుత్తరాట్చరిత్రను, నూనూగు మీసాల ప్రాయంలో శాలివాహన సప్తశతిని రచించినాడు. రెండూ మనకు దక్కలేదు. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువున విద్యాధికారియై, శృంగారనైషధాన్ని మామిడి సింగనామాత్యునికి అంకిత మిచ్చినాడు.

హరవిలాసానికి కృతిపతి అవచి తిప్పయసెట్టి, కవికి చిన్ననాటి చెలికాడు. సింహళపు ఏనుగులను, హురుముంజి గుఱ్ఱాలను, చీనా వస్త్రాలను ఓడలమీద తెప్పించి రాజులకు సమకూర్చిన మహావర్తకు డాయన. ఇంతటి సంపన్నుని కోరికపై వ్రాసిన శైవకావ్యంలో పార్వతీకల్యాణం, దారుకావన విహారం, హాలాహలభక్షణం, కిరాతార్జునీయం ఉన్నవి. వాటన్నిటికంటె ముందు చిరుతొండనంబి కథ ఉన్నది.

ఈ కథ తమిళదేశం నుండి వచ్చినది. పల్లవ నరసింహవర్మ సైన్యం 642లో వాతాపిని పట్టుకొన్నప్పుడు దానిని నడిపిన సేనాని పరంజోతియే తరువాత ఆయుధాలు విడిచి చిరుతొండడైనాడని అరవవారి సంప్రదాయం. పన్నెండవ శతాబ్దిలో చేక్కిళారు పెరియపురాణంలో ఆయన చరిత్రను చెప్పినాడు. శివుడు భైరవ వేషంతో వచ్చి నరమాంసం కోరుతాడు. అదీ ఎవరో ఒకరిది కాదు; ఏ లోపమూ లేని ఏకపుత్రుడు కావలె, తల్లి పట్టుకోగా తండ్రి కోయవలె, ఇద్దరూ సంతోషంతో ఆ పని చేయవలె. బడిలో ఉన్న బాలుని తండ్రి వెళ్ళి తెస్తాడు. వంట అయిన తరువాత అతిథి, నీ కొడుకు పంక్తిలో కూర్చుంటే గాని ముద్ద ముట్టనంటాడు. వాకిట నిలిచి పిలిస్తే ఆ బాలుడు బడినుండి వచ్చినట్లే పరుగెత్తి వస్తాడు.

తెలుగులో దీనిని శ్రీనాథునికంటె ముందు పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ద్విపదగా చెప్పినాడు. ఉపాధ్యాయులు ఒక చిక్కును గమనించవలె: సోమనాథునిలో సిరియాలుడు తండ్రి, శ్రీనాథునిలో ఆ పేరు కొడుకుది. తరగతిలో ఈ రెండిటిని కలిపివేయడం తరచుగా జరుగుతుంది.

ఈ కథను విన్నవారి కలవరపాటు కొత్తది కాదు. ఆ బసవపురాణంలోనే హలాయుధుడనే భక్తుడు ఉన్నాడు. సిరియాలుని వృత్తాంతం విని, నరమాంసానికి ఆశపడిన శివుణ్ణే వెలివేసినవాడు. శ్రోత ముఖాన పుట్టగల రోషాన్ని కవి దాచక, ఒక పాత్రగా మలచి పురాణంలోనే నిలబెట్టినాడు. శ్రీనాథుడు చేసినది వేరు. ఆయన చేతిలో కథ ప్రౌఢమైన చంపువైనది. పద్యం సొగసు చెవికి ఇంపవుతున్నకొద్దీ, చెవి దేనిని మెచ్చుకొంటున్నదో తెలిసి మనస్సు వెనుకకు లాగుతుంది. లోకంలోని రుచులన్నీ ఎరిగిన కవి ఈ వంటను కూడా వంటగానే చెప్పడంలో ఉన్న భీతి, సోమనాథుని ద్విపదలో నాకు కనబడదు.

అలంకారికులు దీనికి సమాధానం ఆలోచించకపోలేదు. భరతుడు బీభత్స భయానకాలను రసాల పంక్తిలో చేర్చినాడు. కరుణం దుఃఖమే అయితే దానికోసం ఎవరూ ఎగబడరని, అలాగైతే రామాయణం కూడా దుఃఖహేతువే కావలసి వస్తుందని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వాదించినాడు. వాదం బలమైనదే. కాని రాజోలు తరగతిగదిలో ఈ కథ చెప్పినప్పుడు వెనుక బల్లమీది అమ్మాయి, తల్లి ఎందుకు ఒప్పుకొన్నదండీ అని అడిగితే, విశ్వనాథుని వాక్యం అంతగా ఆదుకోదు. పిల్లవాడు తిరిగి వచ్చినాడు కదా అని కొందరు సర్దుకొంటారు. మరికొందరికి ఆ రాకతోనే కోపం హెచ్చుతుంది. 1980 ప్రాంతాల తులసిదళం నవలను వారం వారం చదివినవారిని కూడా వణికించినది క్షుద్రవిద్య ఒక్కటే కాదు, దానికి గురియైనది ఒక పసిబిడ్డ కావడం. నేను ఈ పాఠాన్ని మానుకోను. అయితే భక్తిమహిమ అని చెప్పి ఆ ప్రశ్నను నొక్కివేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. హలాయుధునికి లేని అడ్డు విద్యార్థికి ఎందుకు?

కొండవీటి రాజ్యం అంతరించిన తరువాత శ్రీనాథుడు ఆశ్రయం వెదుకుకొంటూ తిరిగినాడు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం పొందినాడు. ఆ పిమ్మట మన గోదావరి సీమకు వచ్చినాడు. భీమఖండాన్ని బెండపూడి అన్నయమంత్రికి, కాశీఖండాన్ని రాజమహేంద్రవర ప్రభువు వీరభద్రారెడ్డికి అంకితం చేసినాడు. భీమఖండంలో గౌతమికి ఆవలి దాక్షారామం కళ్ళకు కడుతుంది. కాశిలో భిక్ష దొరకక ఆకలితో ఆ నగరాన్నే శపించబోయిన వ్యాసుడు, శివుని ఆగ్రహానికి గురియై చేరినది ఈ దాక్షారామానికే. అక్కడ శివుడు ఆకలిగొన్న అతిథి. ఇక్కడ ఆకలిగొన్నది మహర్షి. వ్యాసుని ఆకలి కోపాన్ని శ్రీనాథుడు ఎంత మమతతో చెప్పినాడో చదివి తెలుసుకోవలసినదే.

పల్నాటి వీరచరిత్ర ద్విపద కూడా ఆయనదేనని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో దానిని అచ్చు వేయించినారు. అందులో తనను ప్రాణాపాయం నుండి తప్పించడానికే బాలచంద్రుడు వెనుకకు పంపినాడని తెలిసి ప్రాణం తీసుకొన్న అనపోతు కథకు పలనాట నేటికీ కన్నీరు పెట్టేవారున్నారు. చిరుతొండని కథకు బిగుసుకొనే గుండె ఇక్కడ కరుగుతుంది. అనపోతు చావు తాను కోరుకొన్నది కావడమే అందుకు కారణమేమో.

రెడ్డిరాజులు పోయినారు, తిప్పయసెట్టి వంటి మిత్రులూ పోయినారు. వృద్ధాప్యంలో కవి కృష్ణాతీరాన బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పట్టినాడు. ఆయన పేర నిలిచిన చాటువులను నమ్మితే పంటలో కొంత కృష్ణ వరద తీసుకొనిపోయినది, నువ్వులు పెసలు పిట్టలు తినిపోయినవి. ఏడునూరు టంకాల పన్ను కట్టలేని ఆ కవిసార్వభౌముని భుజంమీద నల్లగుండు నెత్తించినారు.