ఈగల గదిలోని ఆచార్యుడు – థామస్ హంట్ మోర్గన్

మగ్గిన అరటిపండుపై ముసురు చిన్న ఈగ కూడ నిద్రించునని, ఆ నిద్రను కొన్ని జన్యువులు శాసించునని నేడు మనకు తెలియును. ఈ జ్ఞానమునకు బాట వేసిన వారిలో థామస్ హంట్ మోర్గన్ అగ్రగణ్యుడు. ఆయన నిద్రను గూర్చి పరిశోధించినవాడు కాడు. అయినను ఆయన జీవితము తెలియనిదే ఈ కథ బోధపడదని మేము భావించుచున్నాము.

మోర్గన్ 1866లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్టన్ నగరములో జన్మించినాడు. 1890లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, 1904లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైనాడు. అచ్చట ఒక చిన్న గదిలో, పాలసీసాలలో, అరటిపండ్లు మేతగా వేసి డ్రోసోఫిలా అను ఈగలను పెంచినాడు. దానికి 'ఈగల గది' అను పేరు స్థిరపడినది.

ఆనాడు ఆయన మెండెల్ సూత్రములను, క్రోమోసోములే అనువంశికతకు ఆధారమను వాదమును శంకించుచుండెడివాడు. 1910లో ఎర్రకన్నుల ఈగల నడుమ తెల్లకన్నుల మగ ఈగ ఒకటి కనిపించినది. దానిని ఎర్రకన్నుల ఆడ ఈగతో జతపరుపగా, మొదటి తరమున దాదాపు అన్నియు ఎర్రకన్నులతోనే పుట్టినవి. రెండవ తరమున తెల్లకన్నులు మరల కనిపించినవి, అదియు మగవాటిలోనే! ఆ లక్షణమునకు కారణమగు జన్యువు ఎక్స్ క్రోమోసోముపై ఉన్నదని దీనివలన తేలినది. తాను ఒప్పుకొనని సిద్ధాంతమును తన ప్రయోగమే నిలబెట్టగా, మోర్గన్ పట్టుదలకు పోక సాక్ష్యమునకు తలవంచినాడు. ఆయన గొప్పతనమంతయు ఇందే ఉన్నదని మా అభిప్రాయము.

శిష్యులను ఆయన సహచరులుగా చూచినాడు. ఇంకను పట్టభద్రుడు కాని స్టర్టివెంట్ అను విద్యార్థి 1911లో ఒక రాత్రి నిద్ర మాని, కళాశాల పాఠములను ప్రక్కకు నెట్టి, ఎక్స్ క్రోమోసోముపై జన్యువుల వరుసను చూపు తొలి పటమును గీచినాడు. అది 1913లో ప్రచురితమైనది. 1928లో మోర్గన్ కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థకు చేరినాడు. 1933లో లభించిన నోబెల్ బహుమాన ధనమును తన పిల్లలతోపాటు స్టర్టివెంట్, బ్రిడ్జెస్ అను శిష్యుల పిల్లలకును పంచినాడు. 1945లో కన్నుమూసినాడు.

ఆయన వేసిన విత్తనము అటుపిమ్మట ఫలించినది. 1971లో అదే కాల్‌టెక్‌లో కోనోప్కా, బెంజర్ అనువారు ఈగ దినచర్యను నడుపు 'పీరియడ్' జన్యువును ఎక్స్ క్రోమోసోముపైననే గుర్తించినారు. 2000లో రెండు అమెరికన్ బృందములు ఈగ విశ్రాంతి నిజమైన నిద్రయేనని నిరూపించినవి. నిద్ర చెడగొట్టినచో ఈగ మరునాడు అధికముగా నిద్రించును.

నాడీకణపు పొరలో కాల్షియం అయానులను లోనికి విడుచు సన్నని ద్వారములున్నవి. విద్యుత్ స్థితి మారినప్పుడు అవి తెరచుకొనును. కాల్షియం లోనికి రాగా కణములు సందేశములు పంపుకొనును. అట్టి ఒక ద్వారమును నిర్మించు జన్యువు లోపించిన ఈగలు ఎక్కువగా నిద్రించునని 2015లో కొరియా శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అనగా ఈగను మేల్కొల్పి ఉంచుటలో ఆ ద్వారమునకు పాత్ర కలదు.

విద్యార్థి మిత్రులారా! నిద్ర మాని ఒక విద్యార్థి గీచిన పటము, నిద్ర రహస్యమును వెదకువారికే దారి చూపినది. అల్పజీవియని ఈగను త్రోసివేయక, తన అభిప్రాయమే మిన్నయని పట్టుబట్టక ఆ ఆచార్యుడు చేసిన కృషి మన ప్రయోగశాలలకును ఆదర్శము కావలెనని ఆశించుచున్నాము.