నౌషేరా సింహం బ్రిగేడియర్ ఉస్మాన్

ఢిల్లీలో జామియా మిలియా ఇస్లామియా సమీపాన ఉన్న ఖబరస్తాన్‌లో ఒక సైనికుని సమాధి ఉంది. అది పగిలి ఉన్నట్లు 2020 చివర్లో పత్రికల్లో వచ్చింది. సైన్యం బాగు చేయించింది. ఆ వార్త చదివేదాకా మాకు కూడా ఆయన గుర్తు రాలేదని సిగ్గుతో ఒప్పుకుంటున్నాం.

ముహమ్మద్ ఉస్మాన్ 1912 జూలై 15న ఆజంగఢ్ ప్రాంతంలోని బీబీపూర్‌లో జన్మించారు. తండ్రి పోలీసు అధికారి. ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది బలూచ్ రెజిమెంట్‌లో చేరారు.

1947లో దేశంతోపాటు సైన్యాన్నీ పంచారు. బలూచ్ రెజిమెంట్ పాకిస్తాన్ వాటాకు పోయింది. ముస్లిం గనుక ఆయనా అటే వెళతారని చాలామంది అనుకున్నారు. పెద్ద పదవి ఆశ చూపారని కూడా చెబుతారు. ఉస్మాన్ కదలలేదు. పన్నెండేళ్ళు ఇల్లుగా ఉన్న రెజిమెంట్‌ను వదులుకొని డోగ్రా రెజిమెంట్‌కు మారారు. ఊళ్ళకు ఊళ్ళు తగలబడుతున్న రోజుల్లో తీసుకున్న నిర్ణయమది.

కాశ్మీర్ యుద్ధంలో ఆయనకు 50వ పారాచూట్ బ్రిగేడ్‌ను అప్పగించారు. మీర్‌పూర్, కోట్లీ దారులు కలిసే ఝంగర్ 1947 డిసెంబర్ 25న శత్రువుల వశమైంది. దాన్ని తిరిగి గెలిచేవరకు మంచం మీద పడుకోనని ఉస్మాన్ ఒట్టు పెట్టుకున్నారు. కొండ ప్రాంతపు చలిలో నేల మీదే నిద్ర.

1948 ఫిబ్రవరి 6, శుక్రవారం. గాంధీజీ హత్య జరిగి సరిగ్గా వారం. వేలాది మంది నౌషేరాపై విరుచుకుపడ్డారు. తైన్‌ధార్ కొండపై ఒక పికెట్‌లో ఉన్నది 27 మంది. వారిలో 24 మంది చనిపోవడమో, తీవ్రంగా గాయపడడమో జరిగింది. అక్కడే ప్రాణాలర్పించిన నాయక్ జదునాథ్ సింగ్‌కు తర్వాత పరమవీర చక్ర లభించింది. నౌషేరా నిలిచింది. ఉస్మాన్ తలకు 50 వేల రూపాయల వెల కట్టారు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. మద్యం, మాంసం ముట్టేవారు కాదు. జీతంలో కొంత పేద పిల్లల చదువుకు పోయేది. నౌషేరాలో అనాథలైన పిల్లలను చేరదీసి బాలసేనగా తీర్చారు. వారు పోరు సాగుతుండగా కబుర్లు మోశారు. పసివాళ్ళను తూటాల మధ్యకు పంపడం సబబేనా అని ఈనాడు మనకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది.

మార్చి 18న ఝంగర్ చేతికి వచ్చింది. బ్రిగేడ్ కార్యాలయంలో మంచమే లేదు. పక్క ఊరి నుంచి అడిగి తెచ్చి వేశారు. ఆ రాత్రి ఉస్మాన్ దాని మీద పడుకున్నారు.

జూలై 3 సాయంత్రం అదే ఝంగర్‌లో ఫిరంగి గుండు పడి ఆయన షహీద్ అయ్యారు. 36 ఏళ్ళు నిండడానికి ఇంకా 12 రోజులుంది. మరి కొద్ది రోజుల్లో రంజాన్ నెల. ఢిల్లీలో జరిగిన జనాజాకు గవర్నర్ జనరల్ రాజాజీ, ప్రధాని నెహ్రూ, మౌలానా ఆజాద్ హాజరయ్యారు. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆ యుద్ధంలో నేలకొరిగిన మన సైనికాధికారుల్లో ఆయనే అందరికంటే పెద్ద హోదావారు.

గుండు పడిన చోట ఝంగర్‌లో ఇప్పుడు స్మారకం ఉంది. ఏటా జూలై 3న జవాన్లు అక్కడ పూలు ఉంచుతారు.