డిచ్‌పల్లి డాక్టరమ్మ

మన మందమర్రి నుండి గోదావరి దాటి నిజామాబాద్ దిక్కు పోతే డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ కుష్టు దవాఖాన పెట్టింది డాక్టర్ ఇసబెల్ కెర్ గారు. 1875లో స్కాట్లాండ్‌లో పుట్టారు. 1907లో భర్తతో కలిసి మన దేశం వచ్చారు. ఆయన జార్జ్ కెర్, చర్చి పాస్టరు.

అప్పట్ల కుష్టు వచ్చినోళ్లను ఇంట్లోనే ఉండనిచ్చేటోళ్లు కాదు. ఈమె చేరదీసి వైద్యం చేసింది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పైసలిస్తే 1915లో డిచ్‌పల్లిల దవాఖాన తెరిచిండ్రు. మాత్రలు లేని కాలమది. చాల్మోగ్రా గింజల నూనెను సూదితో ఎక్కించేవారు. బాగా నొప్పి లేసేదట, అయినా రోగులు వచ్చేటోళ్లు. ఇప్పుడు మాత్రలతోనే నయమైతది, అవి సర్కారు దవాఖానల ఉచితం. ఐనా మన హాస్టల్ల కొందరు కోపమొస్తే ఆ రోగం పేరుతోనే తిడతారు!

1923లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో చనిపోయారు. ఆమె పోయినంక కూడా దవాఖాన ఆగలేదు.